కారులో ఫోన్‌కి చార్జ్ ఎందుకు ఎక్కదు, సాకెట్ ఎందుకు కరుగుతుంది?

హైదరాబాద్‌లో 60 శాతం చార్జ్‌తో బయల్దేరి, మ్యాప్స్ ఆన్ చేసి, డ్యాష్‌బోర్డ్‌లో ఉన్న యూఎస్‌బీకి కేబుల్ తగిలించి విజయవాడ రోడ్డెక్కితే, సూర్యాపేట దగ్గర టీకి ఆగేసరికి ఫోన్ 52 చూపిస్తుంది. కేబుల్ పెట్టే ఉంది, చార్జింగ్ గుర్తు కూడా వెలుగుతూనే ఉంది, అయినా శాతం తగ్గింది. కొందరు కేబుల్‌ని తిడతారు, కొందరు ఫోన్ బ్యాటరీ పోయిందని సర్వీస్ సెంటర్‌కి పోతారు. చాలాసార్లు రెండింటిలోనూ లోపం ఉండదు.

కారుతో పాటు వచ్చే ఆ పోర్టు పెట్టింది పాటలకి, ఆండ్రాయిడ్ ఆటోకి. స్టీరియోకి డేటా పంపడం దాని అసలు పని. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం అలాంటి డేటా పోర్టు ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు మాత్రమే. చాలా కార్లలో ఇప్పటికీ అంతే వస్తుంది, కొన్నిట్లో కాస్త ఎక్కువ. ఎండలో స్క్రీన్ పూర్తి వెలుతురుతో, జీపీఎస్ ఆన్‌లో, మొబైల్ డేటా నడుస్తూ ఉంటే ఫోన్ మూడు నాలుగు వాట్లు సులభంగా లాగేస్తుంది. వచ్చేదానికంటే పోయేది ఎక్కువ కాబట్టి శాతం దిగుతుంది. దీనికి మందు ఒక్కటే, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే మంచి అడాప్టర్. కానీ అసలు చిక్కులన్నీ మొదలయ్యేది కూడా ఆ సాకెట్ దగ్గరే.

కారులో కరెంటంటే అందరూ చెప్పేది 12 వోల్టులు. నిజానికి అక్కడ 12 ఉండేది చాలా తక్కువ సేపు. బ్యాటరీ పూర్తిగా నిండి, బండి ఆపి కొన్ని గంటలైతే 12.6 ఉంటుంది. ఇంజిన్ స్టార్టయి, మెకానిక్‌లు డైనమో అనే ఆల్టర్నేటర్ (కారులో కరెంట్ తయారుచేసే భాగం) తిరగడం మొదలుపెడితే 13.8 నుంచి 14.4 దాకా, కొన్ని కొత్త కార్లలో ఇంకాస్త పైకి వెళ్తుంది. సెల్ఫ్ కొట్టిన ఆ రెండు సెకన్లలో తొమ్మిదికో పదికో పడిపోతుంది, బ్యాటరీ పాతదైతే ఇంకా కిందికి. వీటితో పాటు హారన్, ఏసీ క్లచ్, వైపర్ మోటార్ ఆన్ ఆఫ్ అయినప్పుడల్లా చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు వస్తూనే ఉంటాయి. ఇంట్లో ప్లగ్ పాయింట్‌తో పోలిస్తే ఇది చాలా గందరగోళమైన కరెంట్. మీ ఫోన్‌కి కావాల్సింది మాత్రం నిలకడగా 5 వోల్టులో 9 వోల్టులో. ఈ రెండింటికీ మధ్య నిలబడేది బొటనవేలంత అడాప్టర్.

దాని లోపల ఒక చిన్న స్విచ్, ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఉంటాయి. ఆ స్విచ్ సెకనుకి లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతూ 14 వోల్టులని తరిగి 5కి దించుతుంది. బాగా తయారుచేసిన దాంట్లో ఈ పని 90 శాతం పైన సామర్థ్యంతో జరుగుతుంది, మిగిలింది వేడిగా పోతుంది. టోల్ ప్లాజా దగ్గర, సిగ్నళ్ల దగ్గర వందకీ నూటయాభైకీ అమ్మేవాటిలో చాలావాటికి ఆ కాయిల్ చిన్నది, కెపాసిటర్ నాసిది, రక్షణ భాగాలు అసలు ఉండవు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఏంటంటే, ఆ స్విచ్ చెడిపోయినప్పుడు చాలాసార్లు ఆన్ అయినట్టే బిగుసుకుపోతుంది. అప్పుడు తరగడం ఆగిపోయి కారులోని 14 వోల్టులు నేరుగా కేబుల్‌లోకి వెళ్తాయి. మంచి అడాప్టర్‌లో దీన్ని పసిగట్టి దారి మూసేసే రక్షణ ఉంటుంది, చవకదాంట్లో ఉండదు. ఇరవై వేల ఫోన్‌ని నూటయాభై రూపాయల వస్తువు నమ్మకం మీద వదిలేయొద్దు.

కొనేటప్పుడు ఒక చిన్న గుర్తు చూడండి. అడాప్టర్ మీద ఇన్‌పుట్ అని ఉన్నచోట 12–24 వోల్టులు అని రాసి ఉంటే మంచిది. లారీల్లో, బస్సుల్లో 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది, ఇంజిన్ నడిచేటప్పుడు అది 28 దాటుతుంది. దాన్ని తట్టుకునేలా చేసిన అడాప్టర్‌కి కారులో వచ్చే ఎగుడుదిగుళ్లు పెద్ద లెక్క కాదు. ఒట్టి 12 అని మాత్రమే ఉన్నదాన్ని లారీలో పెడితే మాత్రం పొగే.

స్టార్ట్ చేసే ముందు ఫోన్ తీసేయాలా అని చాలామంది అడుగుతారు. మంచి అడాప్టర్ అయితే అక్కర్లేదు, పైగా చాలా కార్లలో సెల్ఫ్ కొట్టే క్షణంలో సాకెట్‌కి కరెంట్ దానంతటదే ఆగిపోతుంది. కానీ జంపర్ కేబుల్ వేసి వేరే బండి నుంచి స్టార్ట్ చేస్తున్నప్పుడు మాత్రం అన్నీ తీసేయాలి, డ్యాష్ కెమెరాతో సహా. ఇంకో ప్రమాదం కొందరు మెకానిక్‌ల అలవాటులో ఉంది. డైనమో పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తారు. అప్పటిదాకా బ్యాటరీలోకి పోతున్న కరెంట్‌కి ఒక్కసారిగా దారి లేకపోయేసరికి వోల్టేజీ ఎగిసిపడుతుంది. రక్షణ లేని వ్యవస్థలో అది ఒక్క క్షణం 80, 100 వోల్టుల దాకా వెళ్లగలదు. కొత్త ఆల్టర్నేటర్లలో దాన్ని 35 దగ్గర అణిచే ఏర్పాటు ఉంటుంది కానీ, దాన్ని మన కారు మీద పరీక్షించుకోవాల్సిన పని లేదు. మల్టీమీటర్ పెడితే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం అది. మీ బండి దగ్గర ఎవరైనా అలా చేయబోతే ఆపండి.

ఇక డబ్బా మీద రాసే వాట్ల సంగతి. 65 వాట్స్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, తిప్పి చూస్తే ఒక పోర్టుకి 45, ఇంకోదానికి 20 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండు ఫోన్లు పెడితే ఒక్కోదానికి వచ్చేది ఇంకో లెక్క. అదలా ఉంచి, ఫాస్ట్ చార్జింగ్ అనేది అడాప్టర్ ఒక్కటే తేల్చేది కాదు. ఫోను, అడాప్టరు ముందు మాట్లాడుకుంటాయి, నేను 9 వోల్టులు ఇవ్వగలను, నువ్వు తీసుకోగలవా అని. ఆ మాటలు ఏ భాషలో అన్నదే గొడవ. ఐఫోన్, శాంసంగ్, పిక్సెల్ లాంటివి పీడీ (పవర్ డెలివరీ) అనే అందరి ప్రమాణాన్ని అర్థం చేసుకుంటాయి. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ లాంటి కంపెనీలు ఇచ్చే 65, 80 వాట్లు వాళ్ల సొంత పద్ధతిలో, వాళ్ల సొంత అడాప్టర్‌తో, చాలాసార్లు వాళ్ల కేబుల్‌తోనే వస్తాయి. మామూలు కార్ అడాప్టర్ పెడితే అవే ఫోన్లు చాలావరకు 10 నుంచి 18 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. అది అడాప్టర్ లోపం కాదు, ఫోన్ లోపమూ కాదు.

నా అభిప్రాయం అడిగితే, ఫోన్‌కి కారులో 18 నుంచి 20 వాట్ల పీడీ పోర్టు సరిపోతుంది. మ్యాప్స్ నడుస్తూ కూడా శాతం పెరుగుతుంది, ఫోన్ మరీ కాలదు. మే నెలలో ఖమ్మం రోడ్డు మీద 80 వాట్లతో చార్జ్ చేసి సాధించేదేమీ లేదు, ఎలాగూ వేడెక్కగానే ఫోన్ తనంతట తానే వేగం తగ్గించేస్తుంది.

కేబుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, కానీ సగం ఫిర్యాదులు అక్కడివే. సన్న కేబుళ్లలో కరెంట్ మోసే తీగ 28 గేజ్ ఉంటుంది. మీటర్ పొడవుకి పోయే తీగ, వచ్చే తీగ కలిపి దాని నిరోధం సుమారు 0.43 ఓమ్‌లు. 2 ఆంపియర్లు పంపితే దారిలోనే 0.85 వోల్టులు పోతాయి, అడాప్టర్ దగ్గర 5 ఉన్నది ఫోన్ దగ్గరికి 4.15గా చేరుతుంది, ఫోన్ అది చూసి కరెంట్ తగ్గించేసుకుంటుంది. అదే 24 గేజ్ తీగ అయితే (గేజ్ సంఖ్య తగ్గేకొద్దీ తీగ మందం) పోయేది 0.34 మాత్రమే. వెనక సీటు దాకా పోవాలని మూడు మీటర్ల సన్న కేబుల్ కొన్నవాళ్లకి ఫోన్ ఎందుకు ఎక్కదో ఈ లెక్కలోనే ఉంది. పీడీలో వోల్టేజీని 9కీ 15కీ 20కీ పెంచడానికి కారణం కూడా ఇదే, అవే వాట్లు తక్కువ కరెంట్‌తో పోతాయి, దారిలో పోయేది తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌కి 60 వాట్లు దాటి పంపాలంటే మాత్రం 5 ఆంపియర్లు తట్టుకుంటానని చెప్పే చిన్న చిప్ ఉన్న కేబుల్ ఉండాలి. అది లేకపోతే 100 వాట్ల అడాప్టర్ కూడా 60 దగ్గరే ఆగిపోతుంది, ఆగడమే మంచిది.

ఇప్పుడు ఎక్కువ నష్టం జరిగే చోటికి వద్దాం, సాకెట్. దీన్ని మొదట చేసింది సిగరెట్ వెలిగించుకోవడానికి. ఎర్రగా కాలిన కాయిల్‌ని ఓ పది సెకన్లు పట్టి ఉంచడం దాని పని, గంటల తరబడి కదలకుండా గట్టిగా కరెంట్ ఇవ్వడం కాదు. మధ్యలో పాజిటివ్, చుట్టూ ఉన్న గొట్టం నెగెటివ్. అడాప్టర్ కొసన ఉన్న స్ప్రింగ్ పిన్ను, పక్కల ఉన్న రెండు రేకులు, వీటి ఒత్తిడి మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. రోడ్డు గతుకులకి, అడాప్టర్ బరువుకి, తీసి పెట్టడానికి ఆ పట్టు కాలక్రమేణా సడలుతుంది. లోపల దుమ్ము చేరుతుంది.

పట్టు సడలితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. టైర్లలో గాలి నింపే 12 వోల్టుల పంపు 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. పిన్ను తగిలే చోట నిరోధం కేవలం 0.1 ఓమ్ ఉన్నా, కరెంట్ వర్గాన్ని దానితో గుణిస్తే 10 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది, అందులో దాదాపు సగం వేడి బఠానీ గింజంత చోట, చుట్టూ ప్లాస్టిక్ ఉన్న గొట్టంలో పుడుతుంది. ఐదారు నిమిషాలు పంపు నడిస్తే పిన్ను ముట్టుకోలేనంత కాలుతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది, మెత్తబడేసరికి స్ప్రింగ్ ఇంకా సడలుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. చివరికి అడాప్టర్ సాకెట్‌లోనే అతుక్కుపోతుంది.

ఇక్కడ అందరూ అనుకునేది, ఫ్యూజ్ ఉంది కదా, అది కాపాడుతుంది కదా అని. కాపాడదు. ఫ్యూజ్‌కి తెలిసేది తన గుండా ఎంత కరెంట్ పోతోందో అంతే. వదులు జాయింట్ వల్ల కరెంట్ పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. 15 ఆంపియర్ల ఫ్యూజ్ 9 ఆంపియర్లు చూసి అంతా బాగానే ఉందనుకుంటుంది, అవతల పిన్ను దగ్గర ప్లాస్టిక్ కరుగుతూ ఉంటుంది. అందుకే కారు చార్జింగ్‌లో నేను ముందు చూడమనేది వాట్లు కాదు, వేడి. పది నిమిషాలు చార్జ్ అయ్యాక అడాప్టర్ తీసి పిన్నుకి వేలు దగ్గరగా పెట్టి చూడండి, నేరుగా పట్టుకోవద్దు. గోరువెచ్చగా ఉంటే మామూలే. కాలుతోందంటే, రంగు మారిందంటే, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోందంటే ఆ అడాప్టర్ గానీ సాకెట్ గానీ మార్చాల్సిందే. వాడుతుండగా కనెక్షన్ వస్తూ పోతూ ఉంటే, కాగితం మడిచి దూర్చి బిగించే పని మాత్రం చేయొద్దు.

ఫ్యూజ్ ఉన్నది వైర్ కోసం. సాకెట్ ఫ్యూజ్ సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్లు ఉంటుంది, కొన్ని కార్లలో 20. రంగు చూస్తే తెలిసిపోతుంది, ఎరుపు 10, నీలం 15, పసుపు 20. మూత లేని సాకెట్‌లో రూపాయి బిళ్ల పడినా షార్టయి ఫ్యూజ్ పోతుంది, అది ఫ్యూజ్ తన పని తాను చేసినట్టు. పోయినచోట అదే రంగుది వేయాలి. ఎరుపు మాటిమాటికీ పోతోందని పసుపు వేస్తే అప్పట్నుంచి డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న వైరే ఫ్యూజ్ అవుతుంది, అది కాలేది కార్పెట్ల మధ్య, స్పాంజ్ మధ్య. పెద్ద కరెంట్ లాగే పంపుల ప్లగ్ కొస విప్పితే లోపల గాజు ఫ్యూజ్ ఉంటుంది, పంపు ఆగిపోతే ముందు అక్కడ చూడండి. ఒకే సాకెట్‌ని మూడు చేసే స్ప్లిటర్లతో కరెంట్ మూడింతలు కాదు, ఆ 10 ఆంపియర్లనే మూడూ పంచుకోవాలి.

ల్యాప్‌టాప్ సంగతికి వస్తే చాలామంది ఇన్వర్టర్ కొంటారు. బ్యాటరీ 12 వోల్టులని అది 230 చేస్తుంది, ల్యాప్‌టాప్ చార్జర్ మళ్లీ ఆ 230ని 20కి దించుతుంది. రెండుసార్లు మార్చినందుకు రెండుసార్లు నష్టం. 65 వాట్ల ల్యాప్‌టాప్‌కి సాకెట్ నుంచి 7 ఆంపియర్లు పైనే పోతాయి, అదే పని టైప్-సి పీడీ కార్ అడాప్టర్‌తో చేస్తే 6 లోపు సరిపోతుంది, ఫ్యాన్ గోల ఉండదు, ముఖ్యంగా కారులో 230 వోల్టులు ఉండవు. ఆ చివరిది చిన్న విషయం కాదు. ఇన్వర్టర్ ప్లగ్‌లో వచ్చేది ఇంట్లో షాక్ కొట్టే కరెంట్ లాంటిదే. వెనక సీట్లో పిల్లలుంటే, ఒలికిన నీళ్లుంటే, దాన్ని కింద కార్పెట్ మీద పడేయడం నాకు అస్సలు నచ్చదు.

ఇన్వర్టర్ తప్పనిసరైతే, సాకెట్‌కి 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్నా 150 వాట్లు దాటొద్దు, 10 ఆంపియర్లదైతే 100 దాటొద్దు. 300 వాట్లంటే 30 ఆంపియర్లు, దానికి బ్యాటరీ నుంచి నేరుగా మందమైన వైర్ రావాలి, టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజ్ ఉండాలి. ఎందుకంటే ఫ్యూజ్‌కి ముందు ఉన్న వైర్ ఎక్కడైనా బాడీకి రాసుకుంటే ఆపేది ఏదీ ఉండదు, కారు బ్యాటరీ కొన్ని వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ఆటోనగర్‌లో వేయించుకుంటున్నా దగ్గరుండి ఈ ఒక్కటి అడగండి, ఫ్యూజ్ ఎక్కడ పెట్టావు అని. ఉన్న వైర్‌ని తొక్క తీసి, మెలిపెట్టి, టేప్ చుట్టే జాయింట్లు వద్దనండి, ఎండకి ఆ టేప్ జిగురు కారిపోయి ఊడిపోతుంది. ఫ్యూజ్ బాక్స్‌లో దూర్చే ఫ్యూజ్ ట్యాప్ దొరుకుతుంది, వైర్ కోయక్కర్లేదు. కెటిల్, ఇస్త్రీ పెట్టె లాంటివి మర్చిపోండి, వెయ్యి వాట్లంటే నష్టాలతో కలిపి వంద ఆంపియర్ల దగ్గరికి వెళ్తుంది. నిద్రలో శ్వాసకి వాడే సీప్యాప్ లాంటి వైద్య పరికరాలకి చవక ఇన్వర్టర్ల కరెంట్ సరిపడకపోవచ్చు, వాటి తయారీదారే ఇచ్చే 12 వోల్టుల అడాప్టర్ ఉందేమో ముందు కనుక్కోండి.

ఆగి ఉన్న కారులో జరిగేది వేరే కథ. డ్యాష్ కెమెరా పార్కింగ్ మోడ్‌లో పెట్టి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో నాలుగు రోజులు బండి వదిలి వెళ్తే ఏమవుతుంది? కెమెరా 5 వోల్టుల దగ్గర 0.8 ఆంపియర్ తీసుకుంటుందనుకుందాం, నాలుగు వాట్లు. నష్టాలు కలిపి బ్యాటరీ నుంచి 0.36 ఆంపియర్. రోజుకి సుమారు 8.6 ఆంపియర్ అవర్లు, కారు సొంత కంప్యూటర్లు, అలారం లాగే కొంచెం కలిపితే పదికి దగ్గర. చిన్న పెట్రోల్ కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. రెండు రోజులు తిరక్కుండానే సగం ఖాళీ, నాలుగో రోజు రాత్రి సూట్‌కేసులతో వచ్చి కీ తిప్పితే టక్ టక్ మనే చప్పుడే. సెల్ఫ్ కొట్టే బ్యాటరీని ఒక్కసారి పెద్ద కరెంట్ ఇచ్చి వెంటనే నిండేలా తయారుచేస్తారు, ఇలా అడుగంటా ఖాళీ చేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ నింపినా మునుపటంత పట్టదు. కాబట్టి కెమెరాని నేరుగా కారు వైరింగ్‌కి కలిపే హార్డ్‌వైర్ కిట్‌లో తక్కువ వోల్టేజీ దగ్గర కట్ అయ్యే ఏర్పాటు ఉండాలి, దాన్ని 12.2 దగ్గర పెట్టండి. చాలావాటిలో 11.8 కూడా ఉంటుంది, అప్పటికి బ్యాటరీలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కెమెరా కొనేటప్పుడే లిథియం బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది తీసుకోండి, అద్దానికి అతుక్కుని రోజంతా ఎండలో ఉండే వస్తువు అది.

మీ సాకెట్ కీ తీసేసినా పనిచేస్తుందా, ఆగిపోతుందా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. కీ తీసినా ఆగనిదైతే రాత్రిళ్లు ఏదీ పెట్టి వదలొద్దు.

కరెంట్ రోజుల తరబడి లేనప్పుడు కారే చార్జింగ్ పాయింట్. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడలో కరెంట్ లేక ఎంత అవస్థో చూశాం. అలాంటప్పుడు లెక్క తెలిసి ఉంటే టెన్షన్ తగ్గుతుంది. 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు, నష్టాలతో 25 అనుకున్నా కారు బ్యాటరీ నుంచి పోయేది 2 ఆంపియర్ అవర్లే. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీతో ఇంజిన్ వేయకుండానే నాలుగైదు ఫోన్లు నింపొచ్చు, తర్వాత ఓ అరగంట ఇంజిన్ నడపండి. కానీ అది ఆరుబయట మాత్రమే. మూసిన గ్యారేజీలో, సెల్లార్‌లో, వాన పడుతోందని షట్టర్ దించి ఇంజిన్ ఆన్‌లో పెట్టడం ప్రాణాలకే ముప్పు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మత్తుగా ఉందని అనుకునేలోపే స్పృహ పోతుంది. నీళ్లలో మునిగిన కారునైతే చార్జింగ్ కోసం ముట్టుకోనే వద్దు.

ఎండ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఫోన్ బ్యాటరీలని కార్లలో ఎక్కువగా చంపేది అదే. 2005లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎండలో ఆపిన కారులో వేడి ఎలా పెరుగుతుందో కొలిచారు. గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. 2018లో అరిజోనాలో చేసిన ఇంకో అధ్యయనంలో, బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంట ఎండలో ఉన్న కార్ల లోపలి గాలి సగటున 47కి, డ్యాష్‌బోర్డ్ 69కి చేరాయి. రెంటచింతలలో, రామగుండంలో మే నెలలో బయటే 45 దాటుతుంది. ఆపిల్ తన ఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది, ఆఫ్ చేసి దాచినా 45 దాటొద్దంటుంది, ఆపిన కారులో వదలొద్దని విడిగా హెచ్చరిస్తుంది. లిథియం బ్యాటరీని పూర్తిగా నింపి 40 డిగ్రీల దగ్గర ఏడాది ఉంచితే సామర్థ్యం 65 శాతానికి పడిపోతుంది, అదే 40 శాతం చార్జ్‌తో ఉంచితే 85 మిగులుతుంది. అంటే వేడి ఒక దెబ్బ, వేడిలో నిండుగా ఉండడం రెండు దెబ్బలు.

క్యాబ్ డ్రైవర్ల ఫోన్లు చూడండి. రెండు ఫోన్లు అద్దం ముందు, నేరుగా ఎండలో, పొద్దున్నుంచి రాత్రి దాకా 100 శాతం దగ్గర చార్జింగ్‌లో, స్క్రీన్ ఎప్పుడూ వెలుగుతూ. ఏడాదికే వెనక భాగం ఉబ్బుతుంది. అది జీవనోపాధి కాబట్టి ఆపమనలేం, కానీ మౌంట్‌ని అద్దం మీంచి తీసి ఏసీ వెంట్‌కి తగిలిస్తే ఫోన్ వెనక చల్లగాలి తగులుతుంది, ఈ ఒక్క మార్పుకే పెద్ద తేడా ఉంటుంది. చార్జింగ్‌ని 80 దగ్గర ఆపే సెట్టింగ్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది, ఆన్ చేయండి. మందమైన రబ్బరు కవర్ తీసేయండి. ఎండలో ఆపిన కారు ఎక్కగానే చార్జింగ్ పెట్టకుండా, ఏసీ పట్టేదాకా పది నిమిషాలు ఆగండి. వైర్‌లెస్ చార్జింగ్ ప్యాడ్ చూడ్డానికి బాగుంటుంది కానీ పోయే శక్తి ఎక్కువ, పోయిందంతా ఫోన్ వెనక వేడిగా చేరుతుంది, వేసవిలో నేనైతే కేబులే వాడమంటాను. ఆ ప్యాడ్ మీద ఫోన్ కింద నాణేలు, తాళంచెవులు ఉండకూడదు.

పవర్ బ్యాంక్‌ని మాత్రం ఆపిన కారులో వదలనే వద్దు, డ్యాష్‌బోర్డ్ మీదే కాదు, గ్లవ్ బాక్స్‌లో కూడా. కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉండాలి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది.

మౌంటూ కేబులూ ఎక్కడ పెడుతున్నారన్నది కూడా చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఏదీ అతికించొద్దు, అది తెరుచుకునే వేగానికి ఫోన్ రాయిలా వచ్చి తగులుతుంది. కేబుల్ పెడల్స్ వైపు వేలాడకూడదు.

అద్దె కారులో, తెలియనివాళ్ల కారులో స్టీరియో యూఎస్‌బీకి ఫోన్ పెట్టకండి. పెట్టగానే కాంటాక్ట్స్, కాల్ వివరాలు అందులోకి వెళ్లి అలాగే ఉండిపోవచ్చు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లోనే అద్దె కార్లలో లైటర్ సాకెట్ అడాప్టర్ వాడుకోమని చెప్పింది, అడాప్టర్‌లో డేటా పోయే దారి ఉండదు.

ఎలక్ట్రిక్ కార్లలో ఇవన్నీ ఉండవని అనుకోవద్దు. వాటిలోనూ చాలావాటికి అదే 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, పెద్ద ప్యాక్ నుంచి ఒక కన్వర్టర్ దాన్ని నింపుతూ ఉంటుంది, అందువల్ల సాకెట్, ఫ్యూజ్, పిన్ను వేడి లెక్కలేమీ మారవు. కారు ఆఫ్‌లో ఉన్నప్పుడు చిన్న బ్యాటరీని ఖాళీ చేస్తే, పెద్ద ప్యాక్ నిండుగా ఉన్నా కొన్ని కార్లు తలుపు కూడా తెరుచుకోవు. తేడా వచ్చేది వీ2ఎల్ (పెద్ద ప్యాక్ నుంచి ఇంటి వస్తువులకి కరెంట్ ఇచ్చే సౌకర్యం) ఉన్నవాటిలో. అయానిక్ 5 నుంచి 3.6 కిలోవాట్ల దాకా బయటికి తీసుకోవచ్చు, నెక్సాన్ ఈవీలో కూడా ఆ సౌకర్యం ఉంది. అక్కడ ఇస్త్రీ పెట్టె కూడా నడుస్తుంది, ఆ కనెక్టర్ కంపెనీదే వాడాలి.

చివరిగా, కారు నడుస్తుండగా ఫోన్ గానీ పవర్ బ్యాంక్ గానీ ఉబ్బినా, తియ్యటి రసాయనం లాంటి వాసన వచ్చినా, బుస్సుమన్నా, ముందు బండి పక్కకి ఆపి అందరూ దిగండి. తీగ లాగేయడం చేయి అందితేనే. మంట మొదలైందంటే దాన్ని చేత్తో పట్టుకుని విసిరేయాలని చూడకండి, గుడ్డ కప్పకండి, కప్పితే వేడి లోపలే ఉండి పక్క సెల్ కూడా అంటుకుంటుంది. ఫోన్, పవర్ బ్యాంక్ లాంటి చిన్న వాటికి నీళ్లే మంచి మందు, కారులో ఉన్న సీసాలన్నీ దూరం నుంచి పోయండి, మంట ఆరినా పోస్తూనే ఉండండి, ఎందుకంటే లోపలి సెల్ చల్లారకపోతే మళ్లీ రాజుకుంటుంది. మంట సీట్లకి పాకితే మాత్రం ఇక వస్తువుల కోసం లోపలికి వెళ్లొద్దు, దూరంగా జరిగి 101కో 112కో ఫోన్ చేయండి.